రేపు మళ్ళీ తియ్యి

మా వీడియోగ్రాఫర్ల సంఘంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య కొత్తపేటలో మా ఇంటికొచ్చారు. "సత్యం గారూ, ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళు తీసేరు కదండీ, పని ఎలా నేర్చుకోవాలో నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అన్నారు. సరేనన్నాను. కాగితాలు తెచ్చుకున్నాను, శుక్లాలు తీయించుకున్నాక ఇచ్చిన కొత్త కళ్ళజోడు పెట్టుకున్నాను. వారం రోజులు కూర్చున్నా మొదటి వాక్యం పడలేదు.

సిగ్గుపడి కాదు. నాకు పని వచ్చునని చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంటాయి. ఎలా వచ్చిందో నాకే సరిగ్గా తెలియదు. రోజూ సాధన చెయ్యండి, అదే వస్తుంది అని రాసి చేతులు దులుపుకుందామంటే, ఆ సాధన తలకెక్కి నేను చేసిన తప్పులు గుర్తుకొస్తున్నాయి. పోనీ సాధన అక్కర్లేదని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. అందుకని ముందే చెప్తున్నాను, ఇది సలహాల పుస్తకం కాదు. ఒక పెళ్ళి వీడియోవాడి అయోమయం. డ్రోన్లు, లెన్సులు మీకు నాకంటే బాగా తెలుసు, వాటి జోలికి పోను.

ప్లాస్టర్ అంటించిన కెమెరా

నేను అమలాపురంలో మూర్తి గారి స్టూడియోలో చేరేటప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. భుజం మీద పెట్టుకునే పెద్ద క్యాసెట్టు కెమెరాల కాలం. ఆ కెమెరా పట్టుకుంటే ఎవరికైనా వేలు జూమ్ మీట మీదకే పోతుంది. పెళ్ళికూతురి ముఖం మీదకి దూసుకెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ దూసుకెళ్ళడం. చూసేవాళ్ళకు పడవెక్కినట్టు తల తిరగాల్సిందే.

మూర్తి గారు నాకు ఒక పాత కెమెరా ఇచ్చారు. ఇచ్చేముందు జూమ్ మీట మీద దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించారు. "రోజూ షాపు తెరిచే లోపు ఒక్క నిమిషం తియ్యాలి. ఎవరూ అడక్కుండా, ఎవరి కోసమూ కాకుండా తియ్యాలి. కెమెరా కదలకూడదు, మధ్యలో ఆపకూడదు. అందులో ఒక్కటే సంగతి ఉండాలి. పాట వెయ్యకూడదు, అక్కడ ఏం చప్పుడుంటే అదే" అన్నారు. సాయంత్రం ఆ నిమిషం టీవీలో పెట్టి నా పక్కనే కూర్చుని చూసేవారు. చూసి, బాగుందనీ అనేవారు కాదు, బాగోలేదనీ అనేవారు కాదు. "రేపు మళ్ళీ తియ్యి" అనేవారు.

మొదటి వారం నేను తీసింది కొబ్బరికాయలు వలిచే మనిషిని. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు డొక్క ఊడదీసేవాడు. బ్రహ్మాండంగా తీశాననుకున్నాను. రేపు మళ్ళీ తియ్యి అన్నారు. మర్నాడు ఇంకో వైపు నుంచి తీశాను. రేపు మళ్ళీ తియ్యి. మూడో రోజు నాకు ఒళ్ళు మండింది. నాలుగో రోజు, ఇంక తియ్యడానికి ఏమీ లేదు గనక, ఊరికే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కనిపించింది. ఆ మనిషి ప్రతి కాయనూ గుచ్చబోయే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాడు. అరచేతిలో కాయను కొంచెం తిప్పి, ఎక్కడ గుచ్చాలో చూసుకుని, అప్పుడు గుచ్చుతున్నాడు. మూడు రోజులు కళ్ళెదురుగా జరిగినా నేను చూడలేదు.

సాయంత్రం మూర్తి గారు మొదటిసారి ప్రశ్న వేశారు.

"ఇవాళ ఏం చూసేవు?"

"గుచ్చే ముందు ఆగుతున్నాడండి."

"ఆయ్" అన్నారు, మా వైపు ఔననడానికి అదే మాట. నేను సంబరపడేలోపు, "రేపు మళ్ళీ తియ్యి" అన్నారు.

ఎన్నాళ్ళండీ ఇలాగ అని ఒకసారి తెగించి అడిగాను. మురమళ్ళలో వీరేశ్వరస్వామికి రోజూ కల్యాణం చేస్తారు కదా. దాన్ని పట్టుకొచ్చారు. "నిన్న అయిపోయింది కదా అని ఇవాళ మానేసేరా? ఆ స్వామికే తప్పలేదు, నీకేంటయ్యా నొప్పి?" అన్నారు. దేవుణ్ణి అడ్డం పెట్టుకునే మనిషితో ఎవడు వాదిస్తాడు?

ఇంతవరకు నేను ఖాయంగా చెప్పగలను. రోజూ ఒక నిమిషం తీసినవాడికి చెయ్యి కుదురుతుంది. ఊపిరి బిగబట్టకుండా నిలబడడం వస్తుంది. ఏడాది తిరిగేసరికి నేను కెమెరా పట్టుకుంటే గోడకు మేకేసి కొట్టినట్టు ఉండేది. దీని తర్వాత రాయబోయే వాటిలో నాకు ఏదీ ఖాయంగా తెలియదు.

కనపడని తాళి

రెండో ఏడు నాకు పెళ్ళిళ్ళు ఒప్పజెప్పారు. మంచి పేరు వచ్చింది. పేరుతో పాటు పొగరూ వచ్చింది. ఆ రోజుల్లో నా సాధన చేతుల మీద నడుస్తోంది. నెల రోజులుగా పొద్దున్నే చేతులే తీస్తున్నాను. తాడు పేనే చేతులు, చేపలు తోమే చేతులు, పూలు కట్టే చేతులు. కళ్ళు మూసుకుంటే కూడా చేతులే కనిపించేవి.

పలివెల దగ్గర ఒక పెళ్ళి. ముహూర్తం అయింది, మేళం జోరందుకుంది, అందరూ అక్షింతలు వేస్తున్నారు. పెళ్ళికూతురి మామ్మగారు మాత్రం వెయ్యడం లేదు. గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని, గుప్పిట విప్పకుండా, మనవరాలి వైపు చూస్తూ నిలబడింది. వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్క గింజ జారుతోంది. నా కెమెరా ఆ గుప్పిట మీదకు వెళ్ళిపోయింది. ఎంతసేపు ఉండిపోయానో తెలియదు. ఆవిడ గుప్పిట విప్పింది. నేను ఇటు తిరిగేసరికి పెళ్ళికొడుకు మూడో ముడి వేసి లేచి నిలబడుతున్నాడు.

తాళి కట్టడం పడలేదు. ఫొటోగ్రాఫరు తీసిన ఒక ఫొటో తప్ప వీడియోలో తాళి లేదు. సాయంత్రం సంగతి బయటపడ్డాక పెళ్ళికూతురి తల్లి, "పోనీ ఇంకోసారి కట్టినట్టు పట్టుకోమని తీసేద్దామండీ" అంది. ఆ మామ్మగారే ఒప్పుకోలేదు. "రెండోసారి కట్టించడమేంటమ్మా, తప్పు కాదూ! పోతే పోయింది, అందరం చూసేం కదా" అంది. ఆవిడ గుప్పిట కోసమే తాళి పోయిందని ఆవిడకు తెలియదు. నేను చెప్పలేదు. నాకు చావాలన్నంత సిగ్గేసింది.

మూర్తి గారు వాళ్ళింటికి స్వయంగా వెళ్ళి చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పుకుని వచ్చారు. వచ్చి, ఆ గుప్పిట ముక్క పెట్టించుకుని మూడుసార్లు చూశారు.

"ఇలాంటిది నేను ఈ జన్మలో తియ్యలేనురా" అన్నారు. ఆ మాట నా చెవిలో పూర్తిగా దిగకముందే, "నెల రోజులు పెళ్ళిళ్ళకు రాకు" అన్నారు.

రెండూ ఒకే నోటితో, ఒకే నిమిషంలో అన్నారు. పొగిడారా, తిట్టారా? నేను చేసింది ఒప్పా, తప్పా? తాళి తియ్యడానికి వెళ్ళినవాడు తాళి తియ్యాలి, అది తప్పే. కానీ ఆ తర్వాత ఎన్ని వందల తాళి ఘట్టాలు తీశానో, ఒక్కటీ విడిగా గుర్తులేదు. ఆ గుప్పిట మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఇందులోంచి మీరేం నేర్చుకోవాలో నన్ను అడక్కండి.

రేవులో నెల రోజులు

ఆ నెల నాకు వేసిన శిక్ష ఏమిటంటే, రోజూ పొద్దున్నే గోదావరి రేవుకు వెళ్ళి ఒకే చోట నిలబడి, ఒకే నిమిషం తియ్యాలి. పంటు వచ్చి రేవుకు ఆనుకోకముందు, ఒడ్డున నీళ్ళు కొట్టుకునే చప్పుడు, ఆ కదలిక. అంతే. పంటంటే మా వైపు రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ ఏరు దాటించేది. నిమిషం సరిగ్గా వచ్చే వరకు కొత్త క్యాసెట్టు ఇవ్వనన్నారు మూర్తి గారు. నిన్నటిది పాడైతే వెనక్కి తిప్పి, దాని మీదే ఇవాళ్టిది తియ్యాలి.

ఆ రేవులో టికెట్లు ఇచ్చే మనిషి శ్రీను గారు. గళ్ళ లుంగీ, చెవి మీద పెన్సిలు. ఆరు నెలల కిందటే ఆయన పెళ్ళి నేనే తీశాను. దాంతో నన్ను చూస్తే చాలు, ఆయనకు ఆపుకోలేనంత సంతోషం.

"సత్యం గారూ, టిఫిన్ చేసేరాండి? మా క్యాసెట్టు చుట్టాలందరూ చూసేరండి. మా మావగారైతే రెండుసార్లు చూసేరండి. మా ఆవిడ నవ్వడం మీరు భలే పట్టేరండీ!"

ఈ మాటలన్నీ నా నీళ్ళ చప్పుడు మీద పడేవి. రోజూ అంతే. నేను మొహమాటపడి నవ్వేవాణ్ణి, ఇంటికొచ్చి తిట్టుకునేవాణ్ణి, మర్నాడు క్యాసెట్టు వెనక్కి తిప్పి ఆయన మాటల మీదే మళ్ళీ తీసేవాణ్ణి. ఆయన మళ్ళీ వచ్చి మళ్ళీ మాట్లాడేవారు. ఇరవై రోజులు ఇలాగే గడిచింది.

ఒకరోజు ఇక తట్టుకోలేక, కెమెరా నడుస్తుండగానే చెప్పేశాను.

"శ్రీను గారూ, మీకు దణ్ణం పెడతాను. ఒక్క నిమిషం మాట్లాడకండి. నీళ్ళ చప్పుడు పడాలి."

"ఆయ్" అన్నారాయన. నా పక్కనే చేతులు కట్టుకుని, నిమిషం పూర్తయ్యే వరకు కదలకుండా నిలబడ్డారు.

ఆ సాయంత్రం మూర్తి గారు చూసి, "నీళ్ళు బాగున్నాయి. ముందు నీ గొంతు పడింది, పనికిరాదు. రేపు మళ్ళీ తియ్యి" అన్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. క్యాసెట్టు వెనక చిన్న ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. దాన్ని విరగ్గొడితే ఆ క్యాసెట్టు మీద ఇంకేదీ రికార్డు కాదు. ఆయన చూస్తుండగానే పుటుక్కున విరిచేశాను. ఏం చేస్తారో చేసుకోండి అన్నట్టు. ఆయన మర్నాడు కొత్త క్యాసెట్టు బల్ల మీద పెట్టారు.

పాట వెయ్యడం

ఇక్కడ మా తరం వాళ్ళందరం ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. పెళ్ళి తీసి వచ్చాక మేం చేసే మొదటి పని, అక్కడి చప్పుడంతా తీసి పారెయ్యడం. జనం గోల, జనరేటరు మోత, వంటవాళ్ళ కేకలు, ఇవన్నీ చెత్త అనుకునేవాళ్ళం. దాని మీద మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు వేసేవాళ్ళం. పెళ్ళికూతురి ముఖం గులాబీ పువ్వులో తిరుగుతుంటే కింద పాట. అప్పగింతల్లో తల్లి ఏడుస్తుంటే కింద పాట. జనానికీ అదే నచ్చేది. పాట బాగుంటే వీడియో బాగుందనేవారు. తీసిన అసలు క్యాసెట్టును తుడిచేసి ఇంకో పెళ్ళికి వాడేవాళ్ళం.

పొద్దున్నే పాట లేకుండా నిమిషం తీసి చెవి పెట్టి వినే నేను, మధ్యాహ్నం కూర్చుని వందల మంది మాటలు చెరిపేసేవాణ్ణి. సాధన వేరు, పని వేరు అనుకున్నాను. పోనీ నేను కుర్రాణ్ణి, తెలియదు. పాట వెయ్యొద్దని నాకు చెప్పిన మూర్తి గారే పెళ్ళిళ్ళ మీద పాటలు ఎంచి ఇచ్చేవారు! ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బతికుండగా ఈ మాట ఎందుకు అడగలేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

లావణ్య తెచ్చిన క్యాసెట్టు

పోయిన వేసవిలో లావణ్య అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది. వెంట వాళ్ళమ్మ నాగమణి గారు ఉన్నారు. సంచిలోంచి బూజు పట్టిన క్యాసెట్టు తీసి, "ఇది మా అమ్మానాన్నల పెళ్ళిదండి, మీరే తీసేరంట. ఇది ఆడుతుందేమో చూడండి" అంది. పెట్టె మీద పేరు చదివాక గుర్తుపట్టాను. రేవులో శ్రీను గారి పెళ్ళి. లావణ్య పదకొండు నెలల పిల్లగా ఉన్నప్పుడే ఆయన పచ్చకామెర్లతో పోయారు.

మరలు విప్పి, బూజంతా తుడిచి, అటక మీద నుంచి పాత వీసీఆర్ దింపి, రెండు రోజులు కుస్తీ పట్టాక బొమ్మ వచ్చింది. తల్లీకూతుళ్ళను పిలిచాను. చాలాసేపు చూశాం. కొత్త జంట అత్తవారింటికి వచ్చే ఘట్టం వచ్చింది. ఆడపడుచులు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వరు కదా. శ్రీను గారు సిగ్గుపడుతూ నవ్వుతున్నారు. నా కెమెరా ఆయన ముఖం మీద గోడకు కొట్టినట్టు నిలబడింది. ఆయన పెళ్ళాం వైపు తిరిగారు. పెదవులు కదిలాయి. చుట్టూ అందరూ విరగబడి నవ్వారు. వెనక సినిమా పాట మోగుతోంది.

"అదిగోనండి! అక్కడే నా పేరు చెప్పేరు" అన్నారు నాగమణి గారు.

"సౌండు కొంచెం పెంచండి" అంది లావణ్య.

"పెంచితే పాటే పెరుగుతుందమ్మా."

"పాట తీసెయ్యలేరాండి?"

"తీసెయ్యడానికి కింద ఏమీ లేదు. అసలు క్యాసెట్టు మీద వేరే పెళ్ళి తీసేశాం."

నాగమణి గారు, టీవీ వైపు చూస్తూనే, మెల్లగా చెప్పారు.

"ముఖం ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుందండి. గొంతే పోయిందండి. గుర్తు తెచ్చుకుందామంటే ఇంకెవరి గొంతో వస్తుందండి. కట్టుకున్నవాడి గొంతు మర్చిపోయేనంటే నలుగురూ ఏవనుకుంటారండి? ఎవరికీ చెప్పుకోలేదండి. ఈ క్యాసెట్టులో ఉంటుందని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నానండి. కొత్తలో చూసిందే, పాటలున్నాయని గుర్తులేదండి. పాడైపోద్దేమోనని మళ్ళీ వెయ్యకుండా దాచేనండి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, వాళ్ళెదురుగానే ఏడ్చాను. నేను నేర్చుకున్న పనంతా ఆ గుమ్మం ముందు చూపించాను, వణుకు లేదు, జూమ్ లేదు. ఇంత కుదురుగా తీసి, అందులో ఉన్న ఒక్క మాటనూ చేతులారా చెరిపేశాను.

వాళ్ళు లేచి గుమ్మం దాటుతుండగా రేవు గుర్తొచ్చింది. ఆయన గొంతు పడిన నిమిషం నా దగ్గర ఉండొచ్చని చెప్పలేదు, ఆశ పెట్టడం ఇష్టంలేక. మూడు రోజులు ట్రంకు పెట్టెలన్నీ గాలించాను. సాధన చేసిన క్యాసెట్లలో చాలా వాటిని తుడిచి మళ్ళీ వాడేశాను. మిగిలిన వాటిలో వెనక పలక విరిగింది ఒక్కటే ఉంది.

మళ్ళీ పిలిచాను. ముందే చెప్పాను, "నాగమణి గారూ, ఇందులో ఆయన కనపడరు. ఒక్క మాటే ఉంది. తప్పంతా నాదే" అని. పెట్టాను.

గోదావరి నీళ్ళు. దూరంగా పంటు ఇంజను. కాకి అరుపు. తర్వాత నా కుర్ర గొంతు, విసుగ్గా: "శ్రీను గారూ, మీకు దణ్ణం పెడతాను. ఒక్క నిమిషం మాట్లాడకండి. నీళ్ళ చప్పుడు పడాలి."

"ఆయ్."

నాగమణి గారు కుర్చీలోంచి లేచిపోయారు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. లావణ్య తల్లి ముఖంలోకి చూసింది. "నాన్నేనా?" అంది. ఆవిడ తలూపారు.

"మళ్ళీ వెయ్యండి" అన్నారు.

వేశాను. మళ్ళీ వెయ్యండి అన్నారు. మూడోసారి ఆ మాట అయిపోగానే, ఇంక మిగిలింది నీళ్ళే కదా అని ఆపబోయాను.

"ఆపకండి" అన్నారావిడ. "ఉండనివ్వండి. ఇంకా అక్కడే ఉన్నారు కదండీ. మీరు వద్దన్నారని మాట్లాడకుండా నిలబడ్డారండి."

నిమిషం అయిపోయే వరకు ముగ్గురం ఆ నీళ్ళు చూస్తూ కూర్చున్నాం.

లావణ్య ఆ నిమిషాన్ని తన ఫోన్లోకి ఎక్కించుకుంది. ఆ ముందటి ఇరవై రోజులూ ఆయన నాతో ఏమేం మాట్లాడారో అడిగింది. గుర్తున్నంత వరకు చెప్పాను, మీ అమ్మ నవ్వు గురించి రోజూ చెప్పేవారమ్మా అని. ఆ రోజులన్నీ ఒకదాని మీద ఒకటి తుడిచేశానని కూడా చెప్పాను.

మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. రోజుకో నిమిషం తియ్యండి, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. కానీ సాధన కోసం నేను సరిగ్గా తీసిన నిమిషాలేవీ ఎవరికీ ఉపయోగపడలేదు. పనికిరాదన్నది ఒక్కటి మిగిలింది. అదీ నా పనితనం వల్ల కాదు, కోపం వల్ల. మూర్తి గారు ఉంటే దీన్ని పట్టుకెళ్ళి, ఇప్పుడేమంటారండీ అని అడిగేవాణ్ణి. ఆయన ఏమంటారో నాకు తెలుసు. రేపు మళ్ళీ తియ్యి అంటారు.

ఆ రేవులో ఇప్పుడు ఎవర్ని పెట్టి తియ్యనండీ?